రంగులన్నీ ఒంటి మీదే, కంటికి మాత్రం దొరకదు: పొన్నంకి పిట్ట విశాఖకు చుట్టమా, ఊరి పక్షా?

వేసవి ముదిరాక ఒకసారి, దసరా రోజుల్లో ఇంకోసారి విశాఖ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం ఫొటో తిరుగుతుంటుంది. బాల్కనీలో చెప్పుల స్టాండ్ పక్కనో, సెల్లార్‌లో స్కూటర్ల వెనకో, తోక ఉందో లేదో తెలియని ఒక బొద్దు పిట్ట నిటారుగా నిలబడి ఉంటుంది. వీపు ఆకుపచ్చ, భుజం మీద మెరిసే నీలం, పొట్ట అడుగున ఎరుపు, కంటి మీదుగా నల్లటి పట్టీ. కింద కామెంట్లు మొదలవుతాయి. జూ పార్కు నుంచి తప్పించుకుందని ఒకరు, ఎవరో పెంచుకుంటున్న ఫారిన్ పక్షి అని ఇంకొకరు, పాలపిట్ట పిల్ల అని మరొకరు. కాస్త తెలిసినవాళ్లు వచ్చి, "ఇది ఇండియన్ పిట్ట, హిమాలయాల నుంచి వలస వచ్చింది" అని తేల్చేస్తారు.

ఈ చివరి మాటలో సగమే నిజం. మిగతా సగం ఆ ఫొటో ఏ తేదీన తీశారన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఫొటో చూసి పక్షి పేరు చెప్పడం కష్టమేమీ కాదు. అది ఎటు నుంచి వచ్చింది, ఎటు పోతోంది, ఇక్కడే ఉండిపోతుందా అన్నది చెప్పాలంటే మాత్రం వాన, అడవి నేల, పిలుపు, క్యాలెండర్ అన్నీ ముందు పెట్టుకోవాలి.

ఇది ఏ పక్షి, ఏది కాదు

దీన్ని తెలుగులో పొన్నంకి పిట్ట అంటారు. హిందీ, మరాఠీ వాళ్లు నవరంగ్ అంటారు కానీ తొమ్మిది రంగులు లెక్కపెట్టమంటే ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా వస్తుంది. పొడవు సుమారు 19 సెంటీమీటర్లు, బరువు 47 నుంచి 66 గ్రాములు. గోరింక కన్నా చిన్నది. తోక బాగా కురచ, కాళ్లు పొడవు, తల పెద్దది. ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లేత గోధుమ రంగు తల మధ్యలో నల్లటి చార, కన్నుల మీదుగా వెడల్పాటి నల్ల పట్టీ, దాని పైన తెల్ల గీత, తెల్లటి గొంతు ఉంటాయి. ఈ ముఖం ఒకసారి గుర్తుపెట్టుకుంటే ఇక వేరే పక్షి అని పొరబడే అవకాశం లేదు.

1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని కాకుల్లో కలిపేసి పొట్టి తోక కాకి అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనికి వేరే ప్రజాతిని ఏర్పరచి, దానికి మన తెలుగు మాట 'పిట్ట'నే పేరుగా పెట్టాడు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న ఈ కుటుంబంలోని 40కి పైగా జాతులన్నిటినీ ప్రపంచమంతా ఇప్పుడు పిట్టలనే పిలుస్తోంది. వీటిలో చాలావరకు ఉష్ణమండల అడవుల్లో నేల మీద తిరుగుతూ, మనిషి అలికిడికే పొదల్లోకి జారుకునేవి. పక్కనే ఒడిశాలోని భితర్‌కనికా మడ అడవుల్లో ఉండే మ్యాంగ్రోవ్ పిట్ట వీటిలోనే మరో జాతి. మన బాల్కనీల్లో వాలేది అది కాదు.

పాలపిట్టకూ దీనికీ చుట్టరికం లేదు. పాలపిట్ట కరెంటు తీగ మీద అందరికీ కనబడేలా కూర్చుంటుంది. లకుముకి పిట్టకు బారెడు ముక్కు ఉంటుంది. విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవి లాంటి చోట నేల మీద ఆకుల్లో ఏదో కదిలితే అది అడవి కోడో, కౌజు పిట్టో అయ్యే అవకాశమే ఎక్కువ. అవి కాళ్లతో నేలను గీరుతూ నడుస్తాయి. పొన్నంకి పిట్ట గెంతుతుంది. రెండు గెంతులు వేసి ఆగుతుంది, ముక్కుతో ఒక ఎండుటాకును పక్కకు విసురుతుంది, కిందకి చూస్తుంది, ఆ కురచ తోకను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తుంది. నీడలో ఉన్నప్పుడు రంగుల కన్నా ఈ నడవడికే దాన్ని త్వరగా పట్టిస్తుంది.

ఇన్ని రంగులున్న పక్షి కళ్లముందే ఎలా మాయమవుతుంది

ఫొటోలు మనల్ని మోసం చేస్తాయి. ఫొటోగ్రాఫర్ వెలుతురు బాగున్న క్షణం కోసం కాచుకుని, పక్షి ఛాతీ తనవైపు తిరిగినప్పుడు క్లిక్ కొడతాడు. అడవిలో మనం దాన్ని చూసే తీరు వేరు. మనం నిలబడి ఉంటాం, అది నేల మీద ఉంటుంది. అంటే మనకు కనబడేది దాని వీపు, ముదురు ఆకుపచ్చ. ఎరుపంతా పొట్ట కింద, తోక మొదట్లో ఉంటుంది, పైనుంచి చూస్తే కనబడదు. తల మీది నల్ల, తెల్ల చారలు ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కల్లో కలిసిపోతాయి. భుజం మీది నీలం ముడుచుకున్న రెక్కలో కొద్దిగానే బయటపడుతుంది.

నీలం సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. పక్షి ఈకల్లో నీలం అనేది పూసిన రంగు కాదు. ఈక లోపలి అతి సన్నని నిర్మాణం వెలుతురులోని నీలి భాగాన్ని మాత్రం తిరిగి మన కంటికి పంపుతుంది. నీలి ఈకను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని అవతలి నుంచి చూస్తే, లేదా నలిపేస్తే ఆ నీలం పోతుంది. ఎక్కువ పక్షుల్లో ఆకుపచ్చ కూడా ఈ నీలానికి పసుపు వర్ణకం తోడైతే వచ్చేదే. 1934లో సి.వి. రామన్ పాలపిట్ట ఈకల మీద ఈ రంగుల పుట్టుక గురించి పరిశోధన పత్రం రాశారు. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖలోనే. పాలపిట్టను ఆయన ఇక్కడే మొదట చూసి ఉంటారని అనుకోవడం నాకు ఇష్టం, దానికి రుజువేమీ లేదనుకోండి.

ఇలాంటి నీలానికి వెలుతురు కావాలి. దట్టమైన అడవి కింద, తెల్లవారుజామున, అది బూడిద రంగులో కలిసిపోతుంది. పిట్ట ఎగిరిన క్షణాన భుజం నీలం, రెక్కలోని తెల్ల మచ్చ టక్కున మెరుస్తాయి, వాలగానే ఆరిపోతాయి. వెంటాడే జంతువైనా, మనమైనా ఆ మెరుపును వెతుకుతూ ఉండిపోతాం.

ఇక సిగ్గు. 'సిగ్గరి పక్షి' అనడం మన వైపు నుంచి చూసి పెట్టిన మాట. నేల మీద తిండి వెతుక్కునే పక్షికి పాము, ముంగిస, పిల్లి, కుక్క అన్నీ శత్రువులే. అలికిడి అయితే ఎగరకుండా గెంతుకుంటూ పొద చాటుకు పోవడం, కదలకుండా నిలబడిపోవడం దానికి బతుకుతెరువు. ఇదే పక్షి ఎవరూ బెదిరించని పెరట్లో, వంటింటి వెనక పారేసిన మెతుకులు ఏరుకోవడం కూడా చూసినవాళ్లు రాశారు.

ఆకుచెత్త లేనిదే ఈ పక్షి లేదు

పొన్నంకి పిట్ట తిండి దాదాపు మొత్తం రాలిన ఆకుల కిందే ఉంటుంది. పురుగులు, వాటి పిల్లలు, వానపాములు, అప్పుడప్పుడు చిన్న బల్లి పిల్ల లాంటివి. ఆకులు నాని, మెత్తబడి, కుళ్లడం మొదలైతేనే ఇవి పైకి వస్తాయి. కనక పిట్టకు అడవి ఎంత పెద్దదన్న దాని కన్నా అడవి నేల ఎంత తడిగా, ఎంత నీడగా ఉందన్నది ముఖ్యం. రాత్రి చెట్టు కొమ్మ మీద పడుకుంటుంది, పగలంతా నేల మీదే.

విశాఖకు ఆనుకుని ఉన్న కంబాలకొండ అభయారణ్యం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. పొడి సతతహరిత అడవి, మధ్యలో తుప్పలు, కొండ వాలుల్లో గెడ్డలు, అంటే కొండవాగులు. ఎండాకాలంలో పైన ఎండిపోయినట్టు కనబడినా గెడ్డ ఒడ్డున చెట్ల కింద నేల చల్లగా ఉంటుంది. పిట్ట వెతుక్కునేది ఆ సన్నటి పట్టీలనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ కొండల మీద చెట్లు విపరీతంగా విరిగిపడ్డాయి. (ఆ తుఫానుకు పెట్టింది కూడా ఒక పక్షి పేరే.) చెట్టు కూలితే పైకప్పు పోయినట్టు. ఎండ నేరుగా నేల మీద పడుతుంది, ఆకులు నానకుండా ఎండిపోతాయి, ఖాళీలో తుప్పలు లేస్తాయి.

ఆ తుప్పల విషయంలో రెండు మాటలు వినిపిస్తాయి. లాంటానా లాంటి పరాయి మొక్క అల్లుకుపోతే అడవి మొక్కలు మొలవవు, కాబట్టి తీసేయాలంటారు అడవి పునరుద్ధరణ గురించి పనిచేసేవాళ్లు. ఉన్నపళంగా నరికేస్తే నేల మీద బతికే పక్షులకు దాక్కునే చోటు పోతుందని పక్షుల వైపు నుంచి చూసేవాళ్లు అంటారు. రెండూ నిజమే. అందుకే కొంచెం కొంచెంగా తీస్తూ, తీసిన చోట అడవి మొక్కలు లేచాకే ముందుకు వెళ్లే పద్ధతి వైపు ఇద్దరూ మొగ్గుతారు.

ఊరి లోపల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పార్కుల్లో, క్యాంపస్‌లలో ఆకులు ఊడ్చి కుప్పపెట్టి తగలబెడితే చెట్లు అన్నీ అలాగే ఉన్నా పిట్టకు అక్కడ తినడానికి ఏమీ మిగలదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రపంచ స్థాయి జాబితాలో ఈ జాతి 'ఆందోళన తక్కువ' అన్న వర్గంలో ఉంది. దాని అర్థం ఇంత పెద్ద ఉపఖండంలో మొత్తం మీద ఇప్పట్లో అంతరించే ప్రమాదం లేదని. ఒక ఊళ్లో, ఒక కొండ మీద అది మిగులుతుందా లేదా అన్నది ఆ జాబితా చెప్పే విషయం కాదు.

ఆరు గంటల పిట్ట విశాఖలో ఆరింటికి పిలవదు

ఈ పక్షిని చూసేవాళ్ల కన్నా వినేవాళ్లే ఎక్కువ. రెండు స్వరాల ఈల, 'వీఈట్-ట్యూ' అని. మొదటిది పైకి లేస్తుంది, రెండోది కిందికి జారుతుంది. తెల్లవారుతుండగా, చీకటి పడుతుండగా పిలుస్తుంది కాబట్టి తమిళులు దీన్ని 'ఆరు మణి కురువి' అన్నారు, ఆరు గంటల పిట్ట. శ్రీలంకలో దీని పిలుపు మీద ఒక కథే ఉంది. నెమలి తన అందమైన బట్టలు ఎత్తుకుపోయిందని, ఎప్పటికైనా ఫిర్యాదు చేసి తీరతానని ఇది వాపోతోందట.

తమిళుల గడియారం పట్టుకుని విశాఖలో వెతికితే దొరకదు. మన దేశపు సమయాన్ని లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశానికి విశాఖ కొంచెం తూర్పున, 83.3 దగ్గర ఉంది. అందుకే ఇక్కడ పొద్దు తొందరగా పొడుస్తుంది, తొందరగా కుంకుతుంది. జూన్‌లో సూర్యుడు ఉదయం 5:20 దాటగానే వచ్చేస్తాడు. పిట్ట పిలిచేది వెలుతురు పలచగా ఉన్నప్పుడు కాబట్టి ఆ నెలలో వినాల్సిన వేళ ఐదింటికి ముందూ వెనకా. ఆరింటికి కొండ దగ్గరకు చేరితే ఆ సందడి చాలావరకు సద్దుమణిగి ఉంటుంది. నవంబరు చివర్లో సూర్యాస్తమయం కూడా సాయంత్రం 5:20 దాటగానే అయిపోతుంది, అంటే ఆరింటికి చీకటే. ఉదయం ఆరింటికి విని తీరాలనుకుంటే సూర్యుడు దాదాపు ఆరున్నరకు లేచే జనవరి కావాలి. అప్పుడు పిట్ట తక్కువగా పిలుస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. కోకిల లాగా ఇది రోజంతా అరవదు. కానీ తొలకరికి ముందు, మబ్బు పట్టిన రోజున, మధ్యాహ్నం కూడా పిలుస్తుంది. పిలుపు వినబడలేదంటే పక్షి లేదని కాదు.

వలస, మజిలీ, స్థిర నివాసం: మాటలు విడదీసుకుంటే

పక్షుల గురించి మాట్లాడేటప్పుడు 'వలస పక్షి' అన్న ఒక్క మాటలో నాలుగు రకాలను కలిపేస్తాం. ఏడాది పొడుగునా ఒకే చోట ఉండి, అక్కడే గూడు పెట్టేవి ఊరి పక్షులు. చలికాలం గడపడానికి వచ్చి, గూడు పెట్టడానికి వెనక్కి పోయేవి చలికాలపు అతిథులు. గూడు పెట్టడానికే వచ్చి, పిల్లలు ఎదిగాక వెళ్లిపోయేవి సంతానం కోసం వచ్చేవి. ఇవేవీ కాకుండా, పోతూ పోతూ రెండు మూడు రోజులు ఆగి తిని, ఒళ్లు తేరుకుని సాగిపోయేవి బాటసారులు.

పొన్నంకి పిట్ట ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం. పాకిస్తాన్ ఉత్తరాన మార్గల్లా కొండల నుంచి నేపాల్ దాకా హిమాలయ పాదాల్లో, మధ్య భారత కొండల్లో, పడమటి కనుమల్లో కర్ణాటక దాకా అది వానాకాలంలో గూడు పెడుతుంది. మే నుంచి ఆగస్టు దాకా ఆ కాలం. మధ్య భారతంలో జూన్‌లో, ఉత్తరాన జూలైలో ముమ్మరంగా ఉంటుంది. వానలు తగ్గాక దక్షిణాదికి, శ్రీలంకకు దిగుతుంది. శ్రీలంక వాడికి అది చలికాలపు అతిథి. మధ్యప్రదేశ్ వాడికి తొలకరితో వచ్చే పక్షి. ఇద్దరూ తమ తమ చోట్ల కరెక్టే.

ఎందుకు ఇలా తిరుగుతుందంటే, తడి నేల వెంట తిరుగుతుందన్నది బాగా అతికే వివరణ. నైరుతి రుతుపవనాలు మధ్య, ఉత్తర భారతాన్ని తడిపినప్పుడు అక్కడ ఆకుల కింద పిల్లల్ని పెంచేంత తిండి పుడుతుంది. సెప్టెంబరు తర్వాత అక్కడ నేల ఎండుతుంది, తర్వాత చలి వస్తుంది. సరిగ్గా అప్పుడు ఈశాన్య రుతుపవనాలు తమిళనాడును, శ్రీలంకను తడుపుతాయి. హిమాలయాలు దాటి సైబీరియా నుంచి వచ్చే బాతుల వలసతో పోలిస్తే ఇది దగ్గరి ప్రయాణమే, కానీ గట్టిగా డెబ్బై గ్రాములు తూగని, పగలంతా గెంతుతూ బతికే పక్షికి తక్కువేమీ కాదు. మ్యాపు మీద సూటిగా గీత గీస్తే విశాఖ నుంచి జాఫ్నా సుమారు 950 కిలోమీటర్లు, డెహ్రాడూన్ సుమారు 1500.

విశాఖ ఈ రెండు కొసల మధ్యలో ఉంది. గందరగోళం మొత్తం ఆ మధ్యలో ఉండటం వల్లే.

ఫొటో కన్నా తేదీ ఎక్కువ చెబుతుంది: నాలుగు ఊహా ఉదాహరణలు

ఏప్రిల్ 28న ఎంవీపీ కాలనీలో ఒక టెర్రస్ మీద కుండీల మధ్య పిట్ట కనబడింది, పిలవలేదు, మర్నాటికి లేదు అనుకుందాం. దక్షిణాది నుంచి ఉత్తరానికి మళ్లే రోజులవి. చుట్టూ కాంక్రీటు, గూడు పెట్టే చోటు కాదు, ఒక్క రోజే ఉంది. బాటసారి అని ధైర్యంగా చెప్పొచ్చు. వాట్సాప్‌లో "హిమాలయాల నుంచి వచ్చింది" అంటే దిశ తలకిందులైనట్టే. అది బహుశా అటే పోతోంది.

అక్టోబరు 10న మధురవాడలో అద్దాల భవనం కింద దెబ్బతిని పడి ఉన్న పిట్ట దొరికింది. ఈసారి హిమాలయాల మాట సరిపోవచ్చు, మధ్య భారతం నుంచి కూడా అయి ఉండొచ్చు. దక్షిణానికి దిగే బాటసారి. ఏ అడవి నుంచి బయలుదేరిందో మాత్రం ఫొటో చెప్పలేదు. కాలికి రింగు వేసో, ట్రాన్స్‌మీటర్ పెట్టో ఉంటే తప్ప తెలియదు.

జనవరి 15న సింహాచలం కొండ వాలులో నీడగా ఉన్న ఒక గెడ్డ పక్కన పిట్ట కనబడింది, వారం తర్వాత అక్కడే మళ్లీ కనబడింది. రెండుసార్లూ ఒకే పక్షి అని రుజువు లేకపోయినా, అది ప్రయాణ కాలం కాదు. చలికాలపు అతిథి అనడం సబబు.

నాలుగోది కష్టం. జూన్ 20న కంబాలకొండలో ఒక లోయలో పిట్ట పిలిచింది. జూలై మొదటి వారంలో కూడా అదే లోయలో, అదే వేళకు పిలుపు. బాటసారి అయితే ఇన్నాళ్లు ఆగదు. ఊరికే ఉన్న పక్షి ఇంతగా పిలవదు. మరి ఇక్కడే గూడు పెడుతోందా?

విశాఖ కొండల్లో గూడు పెడుతుందా: రెండు వాదాలు

పెడుతుందనేవాళ్లు చెప్పేది ఇది. నీడ, ఆకుచెత్త, నైరుతి వాన, గెడ్డలు అన్నీ ఉన్నాయి. గూడు పెట్టే కాలంలో ఒకే చోట రోజుల తరబడి పిలవడమంటే ఆ జాగా నాదని చాటడమే. మధ్య భారత కొండలకూ తూర్పు కనుమలకూ మధ్య పక్షికి తెలిసే సరిహద్దు ఏదీ లేదు. పుస్తకాల్లో తూర్పు కనుమల పేరు తరచు రాకపోవడానికి కారణం ఇక్కడ చూసినవాళ్లు తక్కువ కావడమే అని వాళ్ల మాట.

జాగ్రత్తగా ఉండమనేవాళ్లు ఇలా అంటారు. పిలుపు సూచన మాత్రమే, రుజువు కాదు. జత దొరకని మగపక్షి కూడా వారాల తరబడి పిలవగలదు. ఆలస్యంగా కదిలే పక్షులు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. పైగా రాకెట్ తోక ఏట్రింత (డ్రాంగో) లాంటి పక్షులు ఇతర పక్షుల గొంతులను అనుకరిస్తాయి, ఫోన్ యాప్ విని చెప్పిందంతా పిట్టే అనుకోకూడదు.

పక్షులను లెక్కించేవాళ్లు ఈ తగువు తీర్చడానికి మెట్లు పెట్టుకున్నారు. చూసిన పక్షులను ఆన్‌లైన్‌లో నమోదు చేసే ఈబర్డ్ లాంటి వేదికల్లో కూడా వీటికి కోడ్‌లు ఉంటాయి. గూడు పెట్టే కాలంలో, తగిన చోట పక్షి కనబడితే 'పెట్టవచ్చు'. వారం రోజులు, ఆ పైన అదే చోట పిలిస్తే, లేదా జంట కనబడితే 'పెడుతుండవచ్చు'. నోట్లో తిండి పెట్టుకుని పిల్లల కోసం పోతుంటే, గుడ్లో పిల్లలో ఉన్న గూడు దొరికితే 'పెట్టింది'. మన నాలుగో ఉదాహరణ రెండో మెట్టు మీద ఆగుతుంది. మూడో మెట్టుకు రావాలంటే చూడాల్సింది ఏమిటో తెలిసి ఉండాలి. ఈ పిట్ట గూడు గిన్నెలా ఉండదు. ఎండుటాకులు, గడ్డితో చేసిన పెద్ద బంతిలా, పక్కన గుండ్రటి ద్వారంతో, నేల మీదో తక్కువ ఎత్తు కొమ్మ మీదో ఉంటుంది. ఎండుటాకుల మధ్య అది ఎండుటాకుల కుప్పలాగే కనబడుతుంది. లోపల నాలుగైదు గుడ్లు, నున్నగా మెరిసే తెలుపు మీద ముదురు ఊదా చుక్కలు.

నాకు మొదటి వాదం వైపే మొగ్గు. కానీ మొగ్గు వేరు, మూడో మెట్టు వేరు.

బాల్కనీలో ఎందుకు దొరుకుతుంది

పగలు నేల వదలని ఈ పక్షి వలస ప్రయాణం చేసేది రాత్రి. చిన్న పక్షుల్లో చాలావాటిదీ ఇదే పద్ధతి. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల భయం తక్కువ. ఊరి దీపాలు, ముఖ్యంగా మబ్బు పట్టిన రాత్రి, వాటిని దారి తప్పిస్తాయి. తెల్లవారేసరికి అలసిపోయి కిందికి దిగితే కింద అడవికి బదులు అపార్ట్‌మెంట్ ఉంటుంది. నీడగా, మూలగా ఉన్న చోటు వెతుక్కుంటూ పార్కింగ్‌లోకి, వంటగదిలోకి వచ్చేస్తుంది. అద్దంలో చెట్ల నీడ కనబడితే నిజం చెట్లనుకుని గుద్దుకుంటుంది. సింగపూర్‌లో భవనాలను ఢీకొనే వలస పక్షుల మీద జరిగిన అధ్యయనాల్లో అక్కడి పిట్ట జాతులు ప్రముఖంగా కనబడ్డాయి.

అలా దొరికిన పిట్ట ఎక్కువసార్లు జబ్బు పక్షి కాదు, అలసిన పక్షి. చీకటిగా, కదలిక లేకుండా కొన్ని గంటలు ఉంటే చాలా పక్షులు తేరుకుంటాయి. నోరు తెరిచి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, మన ప్రేమే దానికి ముప్పవుతుంది. బాగుందని పంజరంలో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. దెబ్బ తగిలితే దాన్ని చూడాల్సింది అటవీ శాఖ.

రికార్డింగు వినిపించి పిలవడం మీద తగువు

పిట్ట కోసం వచ్చే ఫొటోగ్రాఫర్లలో కొందరు దాని పిలుపును ఫోన్‌లో, చిన్న స్పీకర్‌లో వినిపిస్తారు. తన జాగాలోకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుని పిట్ట పొద నుంచి బయటికొస్తుంది. దీన్ని సమర్థించేవాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ఒక్క నిమిషం వినిపించి ఫొటో తీసుకుని వెళ్లిపోవడం, గంట సేపు పదిమంది తుప్పలు తొక్కుకుంటూ వెతకడం కన్నా మేలంటారు. కనబడని పక్షులను లెక్కించే సర్వేల్లో కూడా ఒక పద్ధతి ప్రకారం, తక్కువసేపు రికార్డింగు వాడతారు.

వద్దనేవాళ్లు ఆ ఒక్క నిమిషాన్ని పక్షి వైపు నుంచి లెక్కపెట్టమంటారు. ఒక ఆదివారం ఉదయం ఒకే లోయకు ఎనిమిది బృందాలు వచ్చి, ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు వినిపిస్తే పదహారు నిమిషాలు. ప్రతిసారీ అది వెతకడం, బదులు పలకడం, మళ్లీ సర్దుకోవడం కలిపితే తిండి వెతుక్కునే పొద్దుటి వేళలో పెద్ద ముక్క పోతుంది. ఎవరికి వాళ్లు రెండు నిమిషాలే వాడారు, అందరూ నిజాయితీపరులే. పిట్ట జంటలో ఇద్దరూ గుడ్లు పొదుగుతారు కాబట్టి గూడు ఉన్న రోజుల్లో లేని శత్రువు కోసం ఒకరు బయటికొస్తే గుడ్ల మీద పడే భారం వేరు. చోటు పేరు, మ్యాపు పిన్ సోషల్ మీడియాలో పెట్టడం మీద గొడవ కూడా ఈ లెక్కలోంచే వచ్చింది. చాలా పక్షుల గ్రూపులు గూడు ఉన్న చోటును బయటపెట్టవు.

విశాఖలో ఈ తగువుకూ గూటి ప్రశ్నకూ ముడి ఉంది. జూన్‌లో కంబాలకొండలో పిలిచే పిట్ట దాటిపోయే పక్షి అయితే రికార్డింగు వల్ల దానికి పోయేది కాస్త తిండి, కాస్త విశ్రాంతి. అక్కడే గూడు పెడుతున్న పక్షి అయితే పోయేది ఒక ఏటి సంతానం. ఏదో తేలేదాకా దాన్ని గూడు పెడుతున్న పక్షిగానే చూడాలని ఇక్కడి పక్షి ప్రేమికుల్లో ఒక వర్గం అంటోంది, తేలాలంటే ముందు దాన్ని చూడగలగాలి కదా అని ఇంకో వర్గం అడుగుతోంది.